నిరూపణ లేని నింద
(పాత మోటారు సైకిళ్ళు, ఇగ్నిషన్ కాయిల్, మన బాధ్యత)

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మోటారు సైకిళ్ళు పుట్టడానికి ఎంతో ముందే పుట్టినది. అయినప్పటికీ మన మరమ్మతు షెడ్లకు అది చక్కగా వర్తిస్తుంది. అక్కడ మద్దెల స్థానం ఇగ్నిషన్ కాయిల్‌ది. తెల్లవారి బండి స్టార్టు కాకపోతే నేరం కాయిల్‌ది. పది కిలోమీటర్లు నడిచి, వేడెక్కి, నడిరోడ్డు మీద ఆగిపోతే నేరం కాయిల్‌ది. ఎత్తు ఎక్కుతుండగా ఇంజను తడబడినా, సైలెన్సరులో టపాకాయ పేలినట్లు శబ్దం వచ్చినా, చివరకు ముద్దాయిగా నిలిచేది ఆ నల్లని డబ్బాయే. దానిని కొలిచి చూచినవారు కొద్దిమంది. మార్చి చూచినవారు పెక్కుమంది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒకే ఒక్క మాట. పరీక్షించకుండా మార్చడం మరమ్మతు అనిపించుకోదు. ఈ దురభ్యాసానికి మెకానిక్కు ఒక్కడినే బాధ్యుని చేయడం కూడ న్యాయం కాదు. పరీక్షకు కూలి ఇవ్వడానికి వెనుకాడి, వస్తువుకు ధర ఇవ్వడానికి మాత్రం జేబు తీసే మనమందరమూ ఇందులో భాగస్వాములమే. కాయిల్ వంటి చిన్న వస్తువుపై ఇంత చర్చ ఎందుకని కొందరు మిత్రులు నవ్వవచ్చును. చిన్న వస్తువు దగ్గర అబ్బిన అలవాటే పెద్ద విషయాల దగ్గర మన బుద్ధిని నడుపుతుందని మా నమ్మకం.

ముందుగా ఏ బండ్లను గురించి మాట్లాడుతున్నామో చెప్పుకొనుట మంచిది. 1955లో మద్రాసులో భారతీయ సంస్థతో కలిసి రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు ప్రారంభించిన పరిశ్రమ నుండి వచ్చిన బుల్లెట్లు, 1960లో మైసూరులో స్థాపితమైన ఐడియల్ జావా కర్మాగారం నుండి వచ్చిన జావాలు, 1973 నుండి అక్కడే యెజ్డీ పేరుతో తయారైన బండ్లు, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్‌లు మన దేశపు రోడ్లపై ఒక తరానికి నడక నేర్పినవి. మైసూరు కర్మాగారం 1996లో మూతపడినది. కాని అక్కడ తయారైన బండ్లన్నీ దానితోపాటు ఆగిపోలేదు. నేడు కొందరికి అవి ముద్దుగా పెంచుకొనే జ్ఞాపకాలు. మరికొందరికి తండ్రి చేతి నుండి కొడుకు చేతికి వచ్చిన ఆస్తి. ఇంకను కొందరికి తెల్లవారుఝామున పాల క్యానులు తగిలించుకొని బయలుదేరడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం. మొదటివానికి బండి ఆగితే సరదా ఆగుతుంది. చివరివానికి ఆ పూట సంపాదన ఆగుతుంది. కనుక ఈ విషయం కేవలం యంత్రాలకు సంబంధించినది మాత్రమే కాదు.

కాయిల్ అంటే ఏమిటో తెలియనిదే దానిపై తీర్పు చెప్పలేము. మన భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథంలో ఫారడే ప్రకరణం చదవని విద్యార్థి ఉండడు. 1831లో ఆ మహనీయుడు ఒకే ఇనుప వలయంపై రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానిలో కరెంటు ప్రారంభమైనప్పుడు, ఆగినప్పుడు మాత్రమే రెండవదానిలో కరెంటు పుట్టుటను గమనించెను. స్థిరంగా ప్రవహిస్తున్నంతసేపు రెండవ చుట్టలో ఏమియు లేదు. 1836లో ఐర్లండు దేశస్థుడైన నికొలస్ కాలన్ అనే మతాచార్యుడు ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని ఇండక్షన్ కాయిల్‌ను నిర్మించెను. మన మోటారు సైకిలు ట్యాంకు క్రింద దాగి ఉన్న డబ్బా ఆ కాయిల్‌కు వారసురాలే.

ఆ డబ్బాలో మెత్తని ఇనుప రేకుల కట్టపై రెండు చుట్టలు ఉంటవి. ప్రాథమిక చుట్టలో లావుపాటి రాగితీగ కొన్ని వందల చుట్లు ఉంటుంది. గౌణ చుట్టలో వెంట్రుక వలె సన్నని తీగ కొన్ని వేల చుట్లు ఉంటుంది. ఇంజనులోని సి.బి. పాయింట్లు మూసుకొని ఉన్నంతసేపు బ్యాటరీ నుండి కరెంటు ప్రాథమిక చుట్ట గుండా ప్రవహించి అయస్కాంత క్షేత్రాన్ని నిలుపుతుంది. పాయింట్లు తెరచుకొన్న క్షణంలో ఆ ప్రవాహం తెగుతుంది, క్షేత్రం కుప్పకూలుతుంది, గౌణ చుట్టలో వేలకొలది వోల్టుల పీడనం పుట్టి ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వగా దూకుతుంది. అంటే బండిని నడిపించేది కరెంటు పారడం కన్న, అది సరియైన క్షణంలో ఠక్కున తెగడం. ఈ ఒక్క విషయం మనసులో నిలుపుకొన్న వానికి ఇగ్నిషన్ దోషాలు సగం అర్థమైనట్లే.

ఎందుకంటే ఆ తెగడం కాయిల్ చేతిలో లేదు. దానికి కావలసిన కరెంటును ఇచ్చేది బ్యాటరీ. దారి చూపేది తాళపు స్విచ్చి, తీగలు, ఫ్యూజు. తెంచేది పాయింట్లు. పాయింట్ల మధ్య నిప్పు సాగకుండ, తెగడం చురుకుగా జరిగేటట్లు చూచేది కండెన్సరు. పుట్టిన పీడనాన్ని సిలిండరు వరకు మోసేది ప్లగ్గు వైరు, ప్లగ్గు క్యాపు. ఈ వరుసలో ఏ ఒక్కరు తప్పు చేసినా ఫలితం ఒక్కటే: ప్లగ్గు దగ్గర రవ్వ బలహీనంగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. ఇంటిలో ఎవరు వస్తువు పగులగొట్టినా చిన్నవానిపై నేరం మోపినట్లు, ఈ వరుసలో ఎవరు తప్పినా మనం కాయిల్‌ను శిక్షిస్తున్నాము.

మరి విచారణ ఎట్లు జరుపవలెను? తేలికైనది ముందు, కష్టమైనది తరువాత. చవుక వస్తువు ముందు, ఖరీదైన వస్తువు తరువాత అన్నది మంచి పద్ధతి.

మొదట బ్యాటరీ. నిండుగా ఛార్జి అయి విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను. 6 వోల్టులదైతే సుమారు 6.3. ఇది చాలనిదే ముందుకు పోవుట వ్యర్థం.

రెండవది దారి. తాళం వేసి, పాయింట్లు మూసుకొని ఉన్న స్థితిలో కాయిల్‌కు కరెంటు వచ్చే కొన వద్ద వోల్టులను కొలిచి, బ్యాటరీ వద్ద కొలతతో పోల్చవలెను. 6 వోల్టుల బండిలో బ్యాటరీ వద్ద 6 ఉండి కాయిల్ వద్ద 5 మాత్రమే ఉన్నదనుకొందాము. ఒక్క వోల్టే గదా అనిపిస్తుంది. కాని కాయిల్‌లో నిలువ ఉండే శక్తి కరెంటు వర్గాన్ని అనుసరించి ఉంటుంది. 6 వర్గం 36. 5 వర్గం 25. తుప్పు పట్టిన స్విచ్చి, వదులైన కనెక్షన్లు కలిసి నూటికి ముప్ఫై వంతుల శక్తిని మ్రింగివేసినవన్న మాట. ఇటువంటి బండికి ఎన్ని కొత్త కాయిళ్ళు వేసినా నొప్పి ఒకచోట, మందు ఒకచోట అయినట్లే.

మూడవది పాయింట్లు. వాటి ముఖాలు శుభ్రంగా ఉండవలెను. పూర్తిగా తెరచుకొన్నప్పుడు వాటి మధ్య ఎడం పాత బుల్లెట్లలో 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. ఇక్కడ బుల్లెట్టు యజమానులకు ఒక సౌకర్యం కలదు. పాత బుల్లెట్ల హెడ్‌లైటు పైభాగంలో అమ్మీటరు ఉంటుంది. లైట్లు ఆర్పి, తాళం వేసి, కిక్కును మెల్లగా నొక్కుతూ దాని ముల్లును చూడవలెను. పాయింట్లు మూసుకొన్నప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు వంగుతుంది; తెరచుకొన్నప్పుడు నడుమకు తిరిగి వస్తుంది. ముల్లు అసలు కదలకపోతే దారి ఎక్కడో తెగినది: అది మసిబారిన పాయింట్లు కావచ్చు, ఊడిన వైరు కావచ్చు, ప్రాథమిక చుట్టయే కావచ్చు. వంగిన ముల్లు తిరిగి రాకపోతే పాయింట్లు తెరచుకొనుట లేదు, లేదా వాటి వైరు గాని కండెన్సరు గాని బాడీకి తగిలి ఉన్నది. ఒక్క పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

నాల్గవది కండెన్సరు. ఇది చెడినప్పుడు పాయింట్ల మధ్య నీలిమంట పెద్దదిగా కనిపిస్తుంది. వాటి ముఖాలు త్వరగా నల్లబడి గుంటలు పడుతవి. ప్లగ్గు రవ్వ నీరసిస్తుంది. కాయిల్ చెడినప్పటి లక్షణాలకు ఇవి కవలల వంటివి. కండెన్సరు ఖరీదు కాయిల్ ఖరీదు కంటె ఎంతో తక్కువ. అయినను మొదట మారేది కాయిలే.

ఐదవది ప్లగ్గు, క్యాపు, వైరు. రేడియోలలో రొద రాకుండ చాల క్యాపులలో సుమారు 5 వేల ఓముల నిరోధం అమర్చి ఉంటుంది. అది లోపల కాలిపోయినా, వైరు కొన నల్లబడి క్యాపు స్క్రూకు సరిగా తగులకపోయినా రవ్వ రాదు. వైరు కొనను అర అంగుళంలో సగం మేర కత్తిరించి క్యాపును తిరిగి బిగించగానే ప్రాణం పోసుకొన్న బండ్లు తక్కువేమీ కాదు.

వీరందరూ నిర్దోషులని తేలిన తరువాతనే కాయిల్ వంతు రావలెను. తాళం తీసి, దాని వైర్లు విడదీసి, మల్టీమీటరును 200 ఓముల స్థానంలో ఉంచి రెండు చిన్న కొనల మధ్య నిరోధాన్ని చూడవలెను. పాయింట్లతో నడిచే 12 వోల్టుల కాయిల్ సాధారణంగా 3 నుండి 5 ఓముల వరకు, 6 వోల్టులది సుమారు 1 నుండి 2 ఓముల వరకు చూపుతుంది. కచ్చితమైన అంకెకు ఆ బండి మాన్యువలే ప్రమాణం. కొలత ఇంత చిన్నది గనుక మీటరు తీగల సొంత నిరోధాన్ని కూడ లెక్కించవలెను. రెండు తీగల కొనలను తాకించి వచ్చిన అంకెను తీసివేస్తే చాలును. తరువాత క్యాపు విప్పి, ప్లగ్గు వైరుకు, చిన్న కొనకు మధ్య గౌణ చుట్టను కొలవవలెను. అది కొన్ని వేల ఓములు ఉంటుంది. క్యాపు విప్పకుండ కొలిస్తే దాని 5 వేలు కూడ ఇందులో కలిసి, మంచి కాయిల్ చెడ్డదిగా కనిపిస్తుంది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. ఈ అంకెలు బ్యాటరీ, పాయింట్లు గల బండ్లకే వర్తిస్తవి. 1985లో మన దేశంలో విడుదలైన యమహా ఆర్.ఎక్స్. 100 వంటి బండ్లలో సి.డి.ఐ. పద్ధతి ఉన్నది. అక్కడ ముందుగా ఒక కెపాసిటరులో నిండిన విద్యుత్తు ఒక్కసారిగా కాయిల్‌లోకి దూకుతుంది. అందుచేత ప్రాథమిక చుట్ట నిరోధం ఒక ఓముకు లోపే ఉండుట సహజం. చూపునకు ఒకే తీరుగా ఉన్నవని ఒక జాతి కాయిల్‌ను మరొక జాతి బండికి తగిలించరాదు. అట్లే 6 వోల్టుల కాయిల్‌ను 12 వోల్టుల బండికి వేస్తే, 1.5 ఓముల నిరోధం గుండా 8 ఆంపియర్లు పారి, పాయింట్లూ కాయిలూ కూడ కాలుతవి. 12 వోల్టుల కాయిల్‌ను 6 వోల్టుల బండికి వేస్తే కరెంటు సగమై, శక్తి నాలుగవ వంతుకు పడిపోతుంది. దుకాణంలో “ఇది అన్నిటికీ పనికివస్తుంది సాబ్” అన్న మాట విన్నప్పుడు ఈ చిన్న లెక్కను గుర్తు చేసుకొనుట మేలు.

మీటరు చెప్పినదంతా తుది తీర్పు కాదనికూడ మేము చెప్పక తప్పదు. మల్టీమీటరు నిరోధాన్ని కొలిచేటప్పుడు ప్రయోగించేది కొద్దిపాటి వోల్టులు మాత్రమే. పని చేసేటప్పుడు గౌణ చుట్ట భరించవలసినది పది పదిహేను వేల వోల్టులు. చిన్న పీడనానికి తట్టుకొన్న ఇన్సులేషన్ పెద్ద పీడనానికి చిల్లుపడవచ్చును. కనుక మీటరు అనంతం చూపితే, అనగా తీగ తెగి ఉంటే, కాయిల్ దోషి అని నిశ్చయంగా చెప్పవచ్చును. మీటరు సరియైన అంకె చూపితే మాత్రం అది నిర్దోషి అని నిశ్చయం కాదు. నేరాన్ని నిరూపించగలదు గాని నిర్దోషిత్వాన్ని నిరూపించలేదు. ఇట్టి సందేహం మిగిలినప్పుడు, మరొక బండిపై చక్కగా పనిచేస్తున్న అదే రకపు కాయిల్‌ను తాత్కాలికంగా తగిలించి చూచుటయే చివరి సాక్ష్యం. అందుకొరకు షెడ్డులో పరీక్షించిన మంచి కాయిల్ ఒకటి ఉంచుకొంటే చాలు; ప్రతి గిరాకీ చేత ఒకటి కొనిపించనక్కరలేదు.

వేడిలో ఆగిపోయే బండి కథ ఇంకను సూక్ష్మమైనది. రాగి వేడెక్కిన కొలది దాని నిరోధం పెరుగుతుంది. ప్రతి 10 డిగ్రీలకు సుమారు నూటికి నాలుగు వంతుల చొప్పున. 30 డిగ్రీల వద్ద 4 ఓములు చూపిన చుట్ట 80 డిగ్రీల వద్ద సుమారు 4.8 చూపుట ప్రకృతి ధర్మం, రోగం కాదు. కాని చల్లగా ఉన్నప్పుడు సరియైన అంకె చూపి, వేడిలో ఒక్కసారిగా అనంతానికి పోతే లోపల తీగ తెగి, చలికి అతుక్కొని, వేడికి విడిపోతున్నదన్న మాట. ఈ జబ్బు గల బండిని సాయంత్రం చల్లబడిన తరువాత షెడ్డుకు తోసుకొనిపోతే ఏ మీటరూ దానిని పట్టుకొనలేదు. అది ఆగిన చోటనే, వేడి తగ్గకముందే పరీక్షించవలెను.

రవ్వను కంటితో చూచే పరీక్ష మన షెడ్లలో అందరికీ తెలిసినదే. ప్లగ్గు విప్పి, సిలిండరు హెడ్డుకు ఆనించి, కిక్కు కొట్టి చూచుట. ఇది ఉపయోగకరమే గాని, వాపును చూచి బలుపనుకొనే ప్రమాదం ఇందులో ఉన్నది. బయటి గాలిలో ప్లగ్గు కొనల మధ్య దూకుటకు తక్కువ వోల్టులు చాలును. సిలిండరులో పిస్టను అదిమిపెట్టిన గాలిలో అదే ఎడమును దాటుటకు ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టులు కావలెను. బయట మిణుకుమన్న రవ్వ లోపల చచ్చిపోవచ్చును. అందుచేత పెద్ద ఎడం గల స్పార్కు టెస్టరుతో, అనగా బయటి గాలిలో ఆరేడు మిల్లీమీటర్లు దూకుతున్నదా లేదా అని చూచుట మేలైన పద్ధతి. ప్లగ్గు వైరును దేనికీ ఆనించక గాలిలో వదిలి కిక్కు కొట్టరాదు. దారి దొరకని పీడనం కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీల్చవచ్చును. ప్లగ్గు విప్పిన రంధ్రం నుండి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది గనుక రవ్వను దానికి దూరంగా ఉంచవలెను. వైరును ఒట్టి చేతితో పట్టుకొని ధైర్యం ప్రదర్శించుట అసలే కూడదు.

నిజంగా చెడిపోయిన కాయిళ్ళు లేవా? ఉన్నవి. కాని వాటిలో కొన్నిటిని చంపినది మన అజాగ్రత్తయే. ఇంజను ఆగిపోయినప్పుడు పాయింట్లు మూసుకొని ఉంటే, తాళం తీయక వదిలిన బండిలో కరెంటు నిరంతరంగా పారుతూ ఉంటుంది. 12 వోల్టులు, 4 ఓములు అంటే 3 ఆంపియర్లు. 36 వాట్ల వేడి. అరచేతిలో ఇమిడే డబ్బాలో 36 వాట్ల బల్బు వెలిగించి మూతపెట్టి మనం టీ త్రాగుటకు పోతున్నాము. తిరిగి వచ్చి కాయిల్ కాలిపోయినదని ఆశ్చర్యపడుతున్నాము. ఇంజను ఆగగానే తాళం తిప్పే అలవాటు ఒక్కటి ఉంటే ఆ కాయిల్ మరెన్నో ఏండ్లు మనగలిగేది.

ఇంత సులభమైన విచారణ మన షెడ్లలో ఎందుకు జరుగుట లేదు? మెకానిక్కులకు తెలియక అని కొందరు, మోసం చేయడానికని కొందరు అంటారు. ఈ రెండు మాటలతోనూ మేము ఏకీభవించము. మా కళాశాల పరిసరాలలోని షెడ్లలో ఇంజను శబ్దం వినగానే రోగం చెప్పగల ఉస్తాదులు ఉన్నారు. ఆ చెవి ఏ మీటరుకు తీసిపోదు. అసలు కారణం మన బేరంలో ఉన్నది. ఉస్తాద్ గంటసేపు వెదకి, తుప్పుపట్టిన ఒక కనెక్షన్‌ను గీకి బండి నడిపించి ఇస్తే మనమేమంటాము? “ఏమీ మార్చలేదు గదా భాయ్, దీనికి డబ్బులెందుకు?” అంటాము. అదే ఉస్తాద్ పది నిమిషాలలో కాయిల్ మార్చి, కొత్త పెట్టెను చేతిలో పెడితే మారు మాట లేకుండ చెల్లిస్తాము. బుద్ధికి వెల లేదు, డబ్బాకు వెల ఉన్నది. ఇట్టి సంతలో వెదకేవాడు పస్తుంటాడు, మార్చేవాడు బ్రతుకుతాడు. పాత కాయిల్ ప్రాణంతోనే చెత్తబుట్ట పాలవుతుంది. పుత్లీబౌలీలో గాని రాణీగంజ్‌లో గాని కొని తెచ్చిన కొత్త కాయిల్ దానికంటె మేలైనదన్న హామీ కూడ లేదు. మంచి పేరు అచ్చువేసిన పెట్టెలో నాసిరకపు సరుకు రావడం ఈ వ్యాపారంలో వింత కాదు. కొత్తదానిని కూడ బిగించుటకు ముందే కొలవవలెనని మా మనవి.

ఈ దుస్థితి వెనుక మరొక లోతైన కారణం కలదు. ఉర్దూలో ఇల్మ్ అని, హునర్ అని రెండు అందమైన మాటలున్నవి. చదువు వలన వచ్చేది ఇల్మ్. చేతి వలన వచ్చేది హునర్. ఈ రెండింటి మధ్య మనం గోడ కట్టుకొన్నాము. బి.ఎస్‌సి. విద్యార్థి విద్యుదయస్కాంత ప్రేరణ గురించి నాలుగు పుటలు వ్రాయగలడు; తన తండ్రి బండి ట్యాంకు క్రింద ఉన్న కాయిల్‌ను చూపుమంటే తెల్లబోతాడు. అదే వయసు గల షాగిర్ద్ కళ్ళు మూసుకొని కాయిల్ విప్పగలడు. ఓము అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. ఒకనికి దీపం ఉన్నది, ఇల్లు లేదు. మరొకనికి ఇల్లున్నది, దీపం లేదు.

భాష అడ్డమన్న మాట చెల్లదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో విజ్ఞాన శాస్త్రాన్ని బోధించినది. అందుకొరకు దారుల్ తర్జుమా గ్రంథాలను అనువదించినది, పారిభాషిక పదాలను రూపొందించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి శాస్త్ర గ్రంథాలను తెలుగులో అందించినది. రెండు భాషల వారసత్వమూ మన కళాశాల గుమ్మంలోనే ఉన్నది. లేనిదల్లా ఆ గ్రంథాలలోని నిరోధానికి, షెడ్డులోని “కరెంటు రావడం లేదు” అన్న మాటకు మధ్య ఒక వంతెన మాత్రమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపించవచ్చును. పాత బండ్లు పొగ విడుస్తవి. 15 సంవత్సరాలు దాటిన బండికి రిజిస్ట్రేషను మరల చేయించుకొనవలెను. వాటిని తుక్కుకు పంపక వాటి కాయిళ్ళపై ఇంత శ్రమ ఎందుకు అని. పాత బండ్లు గాలిని ఎక్కువగా పాడుచేస్తవన్నది నిజమే. దానిని కాదనుటకు మేము పూనుకొనము. కాని రవ్వ సరిగా పడని బండి మండని పెట్రోలును అట్లే బయటకు విడుస్తుంది. నడుస్తున్నంత కాలం దానిని సరియైన రవ్వతో నడిపించుట గాలికీ మేలు, జేబుకూ మేలు. కొత్త బండి కొనుటకు స్తోమత లేని వానికి తుక్కు సలహా ఇచ్చుట సులభం, సాయపడుట కష్టం. పైగా కొత్త బండ్లు ఈ సమస్యకు అతీతమైనవేమీ కావు. 2020 నుండి అమలులో ఉన్న భారత్ స్టేజ్ 6 నిబంధనల తరువాత వచ్చిన బండ్లలో కంప్యూటరు తప్పును గుర్తించి ఒక సంకేతం చూపుతుంది. ఆ సంకేతం కాయిల్ సర్క్యూట్‌లో దోషమని చెప్పవచ్చును. అది కాయిలా, వైరా, వదులైన కనెక్టరా అని తేల్చవలసినది మాత్రం మనిషే. సంకేతం చూడగానే కాయిల్ మార్చేవాడు పాత దురభ్యాసాన్నే కొత్త పరికరంతో సాగిస్తున్నాడు.

కనుక మా సూచనలు మూడు. మొదటిది బండి యజమానులకు: కాయిల్ పోయినదని విన్నప్పుడు “ఎంత చూపినది?” అని మర్యాదగా అడుగండి; కొలిచి చెప్పిన వానికి, వస్తువు ఏదీ మారకపోయినా, కొలిచినందుకు కూలి ఇవ్వండి. రెండవది ఉస్తాదులకు: కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరును పానాల పెట్టెలో చేర్చుకొనండి, మార్చిన ప్రతి పాత కాయిల్‌పై దాని కొలతను సుద్దతో వ్రాసి యజమాని చేతికి ఇవ్వండి. మీ చెవి చెప్పినదానికి మీటరు సాక్ష్యం తోడైతే మీ గౌరవం పెరుగుతుందే గాని తరగదు. మూడవది మా కళాశాల పెద్దలకు: నెలకు ఒక్క ఆదివారం భౌతికశాస్త్ర ప్రయోగశాల తలుపులు తెరచి, పరిసరాలలోని ఉస్తాదులను, షాగిర్దులను ఆహ్వానించండి. వారు తెచ్చిన కాయిళ్ళను మేము కొలుస్తాము. మేము ఎన్నడూ విప్పి చూడని పాయింట్లను విప్పి బిగించడం వారు మాకు నేర్పుతారు. ఖర్చు కొద్ది, ఫలం మెండు.

సాక్ష్యం లేక మనిషిని శిక్షించరాదని న్యాయశాస్త్రం చెబుతుంది. కొలత లేక నిర్ణయించరాదని విజ్ఞాన శాస్త్రం చెబుతుంది. చెప్పే నోళ్ళు రెండైనా నీతి ఒక్కటే. ఇరవై ఏండ్ల వయసులో ఒక కాయిల్‌ను నిందించుటకు ముందు కొలిచే ఓపిక నేర్చుకొన్న యువకుడు, రేపు ఇరుగుపొరుగును, సహోద్యోగిని, సాటి సమాజాన్ని నిందించుటకు ముందు కూడ ఒక్క క్షణం ఆగి నిజం విచారిస్తాడని మా ఆశ. అట్టి ఓపికను అలవరచుటకు ప్రయోగశాల కంటె, షెడ్డు కంటె అనువైన పాఠశాల మరొకటి లేదని మా దృఢ విశ్వాసం.